నాలుగు గంటల్లోపు మారథాన్: పదహారు వారాలు రోజూ ఏం చేయాలి

నా మొదటి మారథాన్ (42.195 కిలోమీటర్లు) ముంబైలో. సగం దూరం 2 గంటల 4 నిమిషాల్లో దాటేసరికి, ఇంకేముంది, 4 గంటల 15 నిమిషాల్లో (4:15) అయిపోతుందనుకున్నాను. 32వ కిలోమీటరు దగ్గర తొడలు బండరాళ్లయ్యాయి. అక్కడి నుంచి కాసేపు నడక, కాసేపు పరుగు, మళ్లీ నడక. పెద్దర్ రోడ్డు ఎత్తు ఎక్కుతుంటే అరవై దాటిన పెద్దాయన ఒకరు నా భుజం తట్టి మరీ ముందుకెళ్లిపోయారు. చివరికి 4:36. అంటే రెండో సగానికి రెండున్నర గంటలు దాటింది.

ఇంటికొచ్చాక వాచ్‌లో నాలుగు నెలల ప్రాక్టీసు తిరగేశాను. సోమవారం కిలోమీటరుకి 6 నిమిషాల 5 సెకన్లు (6:05). బుధవారం 6:02. శుక్రవారం 6:08. ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు) కూడా అంతే. నెమ్మదిగా వెళ్లాల్సిన రోజు తొందరపడ్డాను, తొందరగా వెళ్లాల్సిన రోజుకి కాళ్లలో సత్తువ మిగల్లేదు. ఆ పై ఏడాది 4:11, ఆ తర్వాతి ఏడాది 3:57. ఈ రెండేళ్లలో కిలోమీటర్లు పెద్దగా పెరగలేదు. వారంలో ఏ రోజు ఎంత వేగంతో అన్నదే మారింది.

ఇది ఇప్పటికే ఒక మారథాన్ పూర్తి చేసి, ఆఫీసు, ఇల్లు, పిల్లల స్కూలు మధ్య వారానికి ఐదు రోజులు పరిగెత్తగలిగేవాళ్ల కోసం. ఇంకా 10 కిలోమీటర్ల దగ్గరే ఉంటే ముందు రెండు మూడు హాఫ్ మారథాన్లు (21 కిలోమీటర్లవి) చేసి రండి. నలభై దాటినా, ఇంట్లో గుండె జబ్బులున్నా డాక్టర్‌కి ఒకసారి చూపించుకుని మొదలుపెట్టండి.

ముందు రేసు, ఆ తర్వాత లెక్క

టైమ్ కోసం పరిగెత్తాలంటే రేసు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో. మన ఊరి రేసు, తప్పకుండా పరిగెత్తండి, కానీ ఆ ఉక్కలో, ఆ ఫ్లైఓవర్ల మీద రికార్డు ఆశించకండి. ముంబై రేసు జనవరి మూడో ఆదివారం. అక్కడా తెల్లారాక ఉక్కే, కాకపోతే దానికి ప్రాక్టీసు చేసే కాలం మనకి బాగా కలిసొస్తుంది. సెప్టెంబరు ఆఖరి వారంలో మొదలుపెడితే సరిగ్గా పదహారు వారాలు. వానలు తగ్గుతాయి, దీపావళి వెళ్లాక పొద్దున్నే చలిగాలి మొదలవుతుంది. హైదరాబాద్‌లో పరుగుకి అంతకంటే మంచి రోజులు లేవు.

టార్గెట్ ఎంత పెట్టుకోవాలి? ఈ మధ్య పూర్తి శక్తితో పరిగెత్తిన హాఫ్ మారథాన్ టైమ్‌ని రెండింతలు చేసి, పావుగంట కలపండి. హాఫ్ 1:52:30 అయితే ఫుల్ 4 గంటలు. హాఫ్ 2 గంటలైతే ఫుల్ 4:15. రెండింతలకి పది నిమిషాలు కలిపితే చాలనేవాళ్లూ ఉన్నారు. అది వారానికి 80 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ల లెక్క, మనది కాదు. హాఫ్ 2:05 పెట్టుకుని నాలుగు గంటల కల కనకండి. ఈసారికి 4:25 చాలు.

నాలుగు గంటలంటే 42.195 కిలోమీటర్లకి, కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు. ఇక్కడో మెలిక ఉంది. మలుపుల్లో, జనాన్ని తప్పించుకుంటూ వెళ్లేసరికి మీ వాచ్ చివర్లో 42.5, 42.6 చూపిస్తుంది. అందుకని వాచ్‌లో 5:38 కనిపించేలా వెళ్లాలి. ఆ మూడు సెకన్లు ముందే లెక్కేసుకోకపోతే 4:01తో ఇంటికొస్తారు. అంతకంటే బాధ ఇంకోటి ఉండదు.

నెమ్మది రోజులు

వారంలో ఐదు పరుగుల్లో మూడు నెమ్మదిగానే ఉండాలి, ఆదివారం లాంగ్ రన్‌తో కలిపి. నాలుగు గంటల టార్గెట్ ఉన్నవాళ్లకి నెమ్మది అంటే కిలోమీటరుకి 6:30 నుంచి 7:10. చదవగానే "ఇంత నెమ్మదిగానా?" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మొదటి రెండు వారాలు పార్కులో అందరూ నన్ను దాటి వెళ్తుంటే సిగ్గేసింది కూడా.

వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి వాచ్ అక్కర్లేదు. బడిలో బట్టీపట్టిన పద్యం ఏదైనా గుర్తుంటే పరిగెత్తుతూ పైకి చదవండి. పాదం మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా నాలుగు పాదాలూ వస్తే అదే మీ ఈజీ వేగం. రెండో పాదంలోనే రొప్పుతున్నారంటే తగ్గించండి. కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే ఇలా చదువుకుంటూ వెళ్తే వాకింగ్‌కొచ్చిన పెద్దవాళ్లు ఒకలా చూస్తారు, చూడనివ్వండి.

ఈ నెమ్మది పరుగు ఎందుకంటే, కండరాలకి రక్తం అందించే సన్నటి నాళాలు పెరిగేది, కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం శరీరానికి అలవాటయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం చాలామందికి 30, 32 కిలోమీటర్లకి అడుగంటుతుంది. కొవ్వు ఎంత బాగా మండితే ఆ నిల్వ అంత దూరం వస్తుంది. పైగా రేపటి గట్టి పరుగుకి కాళ్లు తాజాగా ఉంటాయి. ఎండాకాలంలోనో ఉక్కలోనో గుండె వేగం దానంతటదే పెరుగుతుంది. అప్పుడు పేస్ (కిలోమీటరుకి పట్టే సమయం) సంగతి మర్చిపోయి పద్యాన్నే నమ్ముకోండి.

మంగళవారం: 800 మీటర్లు

దీన్ని ప్రపంచమంతా యాసో 800లు అంటారు. బార్ట్ యాసో అనే అమెరికన్ రన్నర్ పేరుతో వచ్చిన పద్ధతి. గమ్మత్తైన లెక్క: నాలుగు గంటల మారథాన్ కావాలంటే 800 మీటర్లు నాలుగు నిమిషాల్లో. 3:45 కావాలంటే మూడు నిమిషాల 45 సెకన్లలో. గంటలు నిమిషాలవుతాయి, నిమిషాలు సెకన్లవుతాయి.

దగ్గర్లో 400 మీటర్ల ట్రాక్ ఉంటే మంచిది. లోపలి లైన్‌లోనే పరిగెత్తండి, ఎనిమిదో లైన్‌లో ఒక చుట్టు 450 మీటర్లు దాటుతుంది. ట్రాక్ దొరక్కపోతే వాహనాలు తిరగని చదును రోడ్డు మీద వాచ్‌తో కొలుచుకోండి.

ముందు 2 కిలోమీటర్లు బద్ధకంగా. తర్వాత ఇరవై సెకన్ల చొప్పున నాలుగుసార్లు చురుగ్గా, కాళ్లు తెరుచుకోవడానికి. ఇప్పుడు మొదటి 800. చుట్టుకి రెండు నిమిషాలు. మొదటి చుట్టు మీకు తెలియకుండానే 1:50కి వచ్చేస్తుంది, "అబ్బే, ఇంతేనా" అనిపిస్తుంది. అక్కడే మోసపోతారు. 200 మీటర్ల గుర్తు దగ్గర వాచ్ చూడండి, 60 సెకన్లు ఉండాలి. 54 ఉంటే వెంటనే తగ్గించండి. నాలుగు నిమిషాలకి ముగించి, 400 మీటర్లు జాగింగ్ చేయండి, కూర్చోవద్దు, నడుము మీద చేతులేసుకుని నిలబడొద్దు. మూడు నిమిషాలకి మళ్లీ గీత దగ్గరికొస్తారు. రెండోది.

మొదటి వారం ఐదు. రెండు వారాలకోసారి ఒకటి పెంచుకుంటూ, నవంబరు చివరికి ఎనిమిది లేదా తొమ్మిది. పదికి చేరితే సంతోషం, చేరకపోయినా ఏం కాదు. ఆఖరి 800 కూడా మొదటిదానికి రెండు సెకన్లు అటూఇటూగా రావాలి. మొదటిది 3:45, ఆఖరిది 4:20 అంటే ఆ రోజు ప్రాక్టీసు కాలేదు, పోటీ అయింది. ఇంకో మాట. పది ఎనిమిది వందలు నాలుగు నిమిషాల్లో కొట్టినంత మాత్రాన నాలుగు గంటలు ఖాయమని ధీమాగా ఉండకండి. లాంగ్ రన్లు చేయనివాళ్లకి ఆ లెక్క ఐదు, పది నిమిషాలు తప్పుతుంది.

బుధవారం 7, 8 కిలోమీటర్లు, పద్యం వేగం.

గురువారం: టెంపో (గట్టి వేగాన్ని ఆపకుండా నిలబెట్టే పరుగు)

2 కిలోమీటర్ల వార్మప్, తర్వాత మీ హాఫ్ మారథాన్ వేగంలో, అంటే సుమారు 5:20లో 5 కిలోమీటర్లు, మళ్లీ 2 కిలోమీటర్లు నెమ్మదిగా. వారాలు గడిచేకొద్దీ మధ్యలో ఉన్న ఐదుని ఎనిమిదికి తీసుకెళ్లండి. ఈ వేగంలో పద్యం రాదు, మూడు నాలుగు మాటలు మాత్రం వస్తాయి. అవి కూడా రాకపోతే ఎక్కువైంది. నెలకోసారి దీని బదులు జూబ్లీహిల్స్‌లోనో, బంజారాహిల్స్‌లోనో ఒక ఎత్తు పట్టుకుని, ఒక్కో నిమిషం చొప్పున పదిసార్లు ఎక్కండి. దిగేటప్పుడు నడవండి. విశాఖవాళ్లకి కైలాసగిరి ఘాట్ రోడ్డు ఉంది, అదృష్టవంతులు.

ఆఫీసులో అమెరికా కాల్స్ ఉండి రాత్రి పదకొండు దాటి పడుకుంటే, మర్నాడు టెంపో మానేసి ఈజీగా పరిగెత్తండి. నాలుగు గంటల నిద్ర మీద గట్టి పరుగు పెడితే లాభం రాదు, గాయం వస్తుంది.

సోమ, శుక్రవారాలు పరుగు లేదు. ఆ రెండు రోజుల్లో ఇరవై నిమిషాలు కాళ్ల బలానికి ఇవ్వండి. జిమ్ అవసరం లేదు. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి మడమ కిందికి దించి పైకి లేపడం, కాలికి పదిహేను చొప్పున మూడుసార్లు. గుంజీళ్లు ఇరవై చొప్పున మూడుసార్లు, చెవులు పట్టుకోవడం మీ ఇష్టం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తి అరనిమిషం ఆపడం. 30 కిలోమీటర్ల తర్వాత తుంటి కిందికి జారి, అడుగులు ఈడ్చుకుంటూ పడేది ఈ కండరాలు చేతులెత్తేయడం వల్లే. శనివారం 5, 6 కిలోమీటర్లు, ఆదివారానికి కాళ్లు విప్పుకోవడానికి.

ఆదివారం

మొదటి వారం 18 కిలోమీటర్లు. వారానికి రెండు చొప్పున పెంచండి, ప్రతి నాలుగో వారం మాత్రం వెనక్కి తగ్గి 16 చేయండి. ఆ తగ్గించిన వారంలోనే శరీరం మరమ్మతు చేసుకుంటుంది, కాబట్టి "బాగానే ఉన్నాను కదా" అని దాన్ని ఎగ్గొట్టకండి. రేసుకి ముందు 28 నుంచి 32 మధ్య మూడు పరుగులు పడాలి. 32 దాటొద్దు. మూడున్నర గంటలు మించొద్దు. అంతకు మించితే కోలుకోవడానికే వారం పోతుంది.

వేగం 6:30 నుంచి 6:45. నవంబరు మధ్య నుంచి మాత్రం రెండు వారాలకోసారి చివర్లో మారథాన్ వేగం కలపండి. ఉదాహరణకి 26 కిలోమీటర్లలో మొదటి 18 నెమ్మదిగా, ఆఖరి 8 కిలోమీటర్లు 5:38లో. అలసిన కాళ్లకి ఆ వేగం ఎలా ఉంటుందో తెలియాలి. మొత్తం ప్లాన్‌లో ఒకే ఒక పరుగు ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను.

నాలుగున్నరకి రోడ్డు మీదుండాలంటే తొమ్మిదిన్నరకి పడుకోవాలి. శనివారం రాత్రి పెళ్లి రిసెప్షన్లకి తల చూపించి వచ్చేయడం నేర్చుకోండి. ఇంట్లోవాళ్ల చేత రెండు మాటలు పడాల్సి వస్తుంది. చీకట్లో మెరిసే చొక్కా వేసుకోండి, ఎదురొచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకి కుడివైపున పరిగెత్తండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నిలబడండి, కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా నడవండి. పరిగెత్తితే అవి ఇంకా వేగంగా వస్తాయి, 800 మీటర్లలో వాటిని మీరు ఓడించలేరు.

తిండి, నీళ్లు

మనది అన్నం తినే జాతి, మారథాన్‌కి ఇంతకంటే మంచి అలవాటు లేదు. లాంగ్ రన్‌కి ముందు రెండు ఇడ్లీలు, అంత పొద్దున్న దిగకపోతే ఒక అరటిపండు. వచ్చిన గంటలోపు కడుపునిండా తినండి, గుడ్లతోనో పెసరట్టుతోనో. మాంసకృత్తుల విషయంలో శాకాహారులు కాస్త గట్టిగా పట్టించుకోవాలి: పప్పు, పెరుగు, పనీర్, శనగలు రోజూ ఉండాలి.

ఊరికే ఆయాసం వస్తుంటే, పాత వేగం కూడా బరువనిపిస్తుంటే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి, ఆడవాళ్లయితే మరీ ముఖ్యం. టిఫిన్ మీద వెంటనే ఫిల్టర్ కాఫీ తాగే అలవాటు మానుకోండి. కాఫీ, టీలు తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వవు. గంట ఆగి తాగండి. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైన ట్రైనింగ్.

నీళ్లు ఎన్ని తాగాలో తెలియాలంటే ఒక ఆదివారం పరుగుకి ముందు, గంట తర్వాత, చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. కిలో తగ్గితే గంటకి సుమారు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగిన నీళ్లని దానికి కలుపుకోండి. పోయినదంతా తిరిగి తాగాలనేమీ లేదు. దాహం లేకపోయినా బాటిళ్లకి బాటిళ్లు మంచినీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణాంతకం కూడా. మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి.

పరుగు గంటన్నర దాటితే మధ్యలో తినాలి. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. ఒక జెల్‌లో (పరుగు మధ్యలో మింగే తీపి ముద్ద ప్యాకెట్) సాధారణంగా 20 నుంచి 25 గ్రాములుంటుంది, కాబట్టి 40 నిమిషాలకోటి. జెల్ పడనివాళ్లు ఖర్జూరాలు వాడతారు, గింజలు ముందే తీసేసి. ఏదైనా సరే, నవంబరు ఆదివారాల్లో పొట్టకి అలవాటు చేయాలి. నేను మొదటి రేసులో రేసు నంబర్లు ఇచ్చే ఎక్స్‌పోలో ఫ్రీగా ఇచ్చిన జెల్ 20వ కిలోమీటరు దగ్గర మొదటిసారి రుచి చూశాను. ఆ తర్వాత ఏం జరిగిందో వివరంగా రాయను, టాయిలెట్ లైన్‌లో ఆరు నిమిషాలు పోయాయని మాత్రం చెప్తాను.

నొప్పులు

మొదటి కిలోమీటరులో ఉండి మూడో కిలోమీటరుకి పోయే నొప్పితో పరవాలేదు. పరిగెత్తేకొద్దీ పెరిగే నొప్పి, ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, మీ నడక తీరునే మార్చేసే నొప్పి అయితే ఆ రోజు ఇంటికెళ్లిపోండి. మూడు రోజులు ఆగితే పోయేదాన్ని సాగదీస్తే మూడు నెలలవుతుంది. ముఖ్యంగా ముంగాలి ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే డాక్టర్‌కి చూపించండి. రేసుకి ముందు బ్రూఫెన్ లాంటి మాత్ర వేసుకుని బయల్దేరేవాళ్లని చూశాను. నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలకి హాని చేస్తాయి, వద్దు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వస్తే ఎంత మంచి టైమ్‌లో ఉన్నా ఆగిపోవాలి.

బూట్లు రెండు జతలు మార్చి మార్చి వాడండి. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య ఎక్కడో ఒకచోట అడుగు మెత్తదనం చచ్చిపోతుంది.

ఆఖరి మూడు వారాలు, మధ్యలో సంక్రాంతి

చివరి పెద్ద పరుగు రేసుకి మూడు వారాల ముందు. అక్కడి నుంచి దూరం తగ్గుతుంది, వేగం తగ్గదు. గరిష్ఠంగా వారానికి 60 చేశారనుకుంటే, తర్వాత 45, ఆ తర్వాత 35, రేసు వారంలో రేసు కాకుండా 15. మంగళవారం 800లు ఉంటాయి, కానీ నాలుగే. ఈ రోజుల్లో కాళ్లు బరువెక్కినట్టు, ఎక్కడో కొత్త నొప్పి మొదలైనట్టు, ఉన్నదంతా పోయినట్టు అనిపిస్తుంది. అందరికీ ఈ టెన్షన్ ఉంటుంది. ఎక్స్‌ట్రా పరుగు పెట్టకండి.

మన కష్టమేమిటంటే జనవరి మూడో ఆదివారం 15కి, 21కి మధ్య వస్తుంది. అంటే రేసు వారం నెత్తిన పండగ. ఆఖరి రెండు రోజులు ఎక్కువ పిండిపదార్థం తినాలి, కిలో బరువుకి 7, 8 గ్రాములు. 70 కిలోలుంటే సుమారు 500 గ్రాములు. పండగ వంటలు ఇందుకే పుట్టాయనిపిస్తుంది, కానీ అరిసెల్లో నూనె ఉంది, బొబ్బట్ల మీద నెయ్యి ఉంది, కడుపు బరువెక్కుతుంది. ఒకటో రెండో తినండి, అమ్మ మనసు నొప్పించకుండా. మిగతాదంతా తెల్లన్నం, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు. శనివారం ఆకుకూరలు, పప్పు, గోంగూర, ఆవకాయ, బయటి బిర్యానీ ఏవీ వద్దు. రాత్రి భోజనం ఏడింటికే అయిపోవాలి.

రేసు రోజు

రెండున్నర గంటల ముందు లేచి అలవాటైన టిఫినే తినండి. చంకలకి, తొడల మధ్యకి వాసెలిన్. మగవాళ్లు చనుమొనల మీద టేప్ వేసుకోండి, నవ్వులాట కాదు, 30వ కిలోమీటరుకి చొక్కా మీద రక్తం మరకలతో వచ్చేవాళ్లు ప్రతి రేసులోనూ ఉంటారు. ఒంటి మీద, కాళ్లకి ఏదీ కొత్తది ఉండొద్దు.

మొదటి 5 కిలోమీటర్లు 5:45లో. పక్కవాళ్లంతా దూసుకుపోతారు, పోనివ్వండి. ఆరో కిలోమీటరు నుంచి 5:38. ప్రతి నీళ్ల స్టాల్ దగ్గర రెండు మూడు గుక్కలు, 7 కిలోమీటర్లకో జెల్. సగం దూరం 1:59 చుట్టూ దాటాలి. 1:55కి దాటారంటే ముందుంది ముసళ్ల పండగ. 30 దాకా మాటలు, ఫొటోలు, చేతులూపడాలు ఏవీ లేకుండా బుద్ధిగా వెళ్లండి. రూటు ఏటా కొంత మారుతుంది కాబట్టి ముందురోజే మ్యాప్ చూసి ఎత్తులు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. ఎత్తు మీద వేగం కాదు, ఆయాసం ఒకేలా ఉండాలి. కిలోమీటరుకి పదిహేను సెకన్లు పోతే పోనీ, అడుగు చిన్నది చేసి, తల దించకుండా ఎక్కండి. నడవకుండా ఉంటే చాలు, దిగువలో కొంత తిరిగొస్తుంది.

పూర్తయ్యాక వెంటనే కూలబడకండి, పది నిమిషాలు నడవండి, ఉప్పూ తీపీ ఏదైనా తినండి. ఆ వారమంతా పరుగు లేదు. రెండు రోజుల దాకా తొడలు పట్టేసి మెట్లు దిగడం నరకంగా ఉంటుంది. రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగండి, నొప్పి సగం తగ్గుతుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అడిగితే మాత్రం ఏదో ఒకటి చెప్పుకోవాలి.